కీడు ఎవరిది? అగస్టీను, పెలాగియసుల వాదము

పసిబిడ్డ పోయిన యింటికి పరామర్శకు వెళ్లిన పెద్దలు ఏమందురో మీరెఱుగుదురు. ఋణము తీరినది, వెళ్లిపోయినాడు అందురు. ఆ చిన్నమాటలో ఒక సిద్ధాంతమే యిమిడియున్నది. బిడ్డ యీ జన్మమున ఏ తప్పును చేసి యెఱుగడు; ఐనను పోయినాడు; కావున కారణము వెనుకటి జన్మమున ఉండవలెను. ఈ సమాధానము తల్లి దుఃఖమును తీర్పలేకపోవచ్చును గాని, భగవంతుని న్యాయమునకు మాత్రము మచ్చ రానీయదు. క్రైస్తవమతమున ఈ దారి లేదు. వారికి జన్మ మొక్కటే. ఆ జన్మము ముగిసిన పిదప తీర్పు. తీర్పు వెనుక స్వర్గమో నరకమో. డెబ్బదియేండ్లు బ్రదికినవానికిని, ఏడు దినములు బ్రదికినవానికిని లెక్క ఒక్కసారియే జరుగును.

కావుననే, మనవారు వెనుకటి జన్మములపై మోపిన బరువంతయు వారు మనుష్యుని సంకల్పముపై మోపవలసివచ్చినది. దేవుడు మంచివాడు, సర్వశక్తిమంతుడు. ఐనచో లోకమున కీడెట్లు వచ్చెను? మనుష్యుడు తన స్వేచ్ఛను చెడుగా వాడుకొనుటచేత వచ్చెనని వారి ప్రత్యుత్తరము. వినుటకు సులభముగానే యున్నది. కాని ఆ స్వేచ్ఛకు ఎంత బలమున్నది? పడినవాడు తన కాళ్లమీద తాను లేవగలడా, లేక యెవరైన లేవనెత్తవలెనా? లేవనెత్తువాడు కొందఱినే యెత్తి కొందఱిని విడిచినచో, విడువబడినవాని నరకము ఎవరి నేరము? ఈ ప్రశ్నలపై క్రైస్తవలోకము పదునాఱువందల యేండ్లుగా వాదించుచున్నది. ఆ వాదము పండితుల గదులలోనే యుండిపోయినచో దానిని నేడు మీ యెదుట పెట్టవలసిన పనిలేదు. అది రాజశాసనముల కెక్కినది. ఒక వృద్ధమంత్రి తల తీసినది. పల్లెటూరి తల్లిదండ్రులను చచ్చిన బిడ్డను చేతబట్టుకొని గుడికి పరుగెత్తించినది.

ముందుగా నరకమను పదమును గూర్చి కొంచెము చెప్పవలెను. తెలుగు బైబిలులో క్రీస్తు నరకమని పలికినచోట గ్రీకుమూలమున 'గెహెన్న' యని యుండును. అది క్రిందిలోకము పేరు కాదు. యెరూషలేము పట్టణమునకు దక్షిణమున నున్న హిన్నోము లోయ పేరు. పూర్వము కొందఱు ఆ లోయలో మొలెకను దేవతకు తమ బిడ్డలను అగ్నిలో ఆహుతి చేసిరనియు, యోషీయా యను రాజు ఆ స్థలమును అపవిత్రము చేసి ఆ యాచారమును మాన్పించెననియు బైబిలు చెప్పుచున్నది. అట్టి అసహ్యమైన లోయపేరు క్రమముగా పాపుల శిక్షాస్థానమునకు పేరయ్యెను. మృతులందఱు చేరు నీడలలోకమునకు హెబ్రీభాషలో 'షెయోలు' అను వేఱుపేరు గలదు. దానిని తెలుగున పాతాళమనిరి. మన పురాణములలోని నరకము కర్మఫలము అనుభవించి తిరిగివచ్చు చోటు. చెఱసాలవంటిది, గడువు తీరిన విడుదల. క్రైస్తవులలో ఎక్కువమంది నమ్మిన నరకమునకు గడువు లేదు. మాట యొక్కటియే యైనను అర్థమున ఇంత దూరమున్నది. ఈ దూరమును మఱచినచో, ఆ పెద్దల వాదములో అంత వేడి యేల పుట్టెనో మనకు తెలియదు.

గడువు గల నరకమును చెప్పిన క్రైస్తవుడు లేకపోలేదు. ఈజిప్టుదేశమున అలెగ్జాండ్రియా నగరమున సుమారు 185లో జన్మించిన ఓరిగెను గొప్ప పండితుడు. తండ్రి క్రైస్తవుడైనందున రోమకప్రభుత్వము ఆయనను చెఱలో వేయగా, పదునేడేండ్లైన నిండని యీ బాలుడు తానును పోయి ప్రాణమర్పింతునని బయలుదేరెననియు, తల్లి వాని బట్టలన్నియు దాచిపెట్టి యిల్లు కదలనీయలేదనియు చరిత్రకారుడు యూసేబియసు వ్రాసియున్నాడు. తండ్రికి మరణశిక్ష తప్పలేదు. ఒకడు రాజగృహమునను ఒకడు దాసి గుడిసెలోను, ఒకడు కన్నులతోను ఒకడు గ్రుడ్డివాడుగను ఏల పుట్టుచున్నారని ఓరిగెను ప్రశ్నించుకొనెను. దేవుడు పక్షపాతి కానేరడు. కావున జీవులు దేహముల కంటె ముందే యుండి, తమ స్వేచ్ఛచే దేవునినుండి యెంత దూరము జాఱినవో దానికి తగిన పుట్టుక పొందినవని ఊహించెను. ఇది వినగానే మన కర్మసిద్ధాంతము జ్ఞప్తికి వచ్చును. ఐనను జీవుడు ఒక దేహమునుండి మఱియొక దేహమునకు పోవుచుండునను మాటను అతడు అంగీకరింపలేదు. శిక్షలన్నియు వైద్యుని చేదుమందువంటివనియు, ఏనాటికో సర్వజీవులును స్వస్థతనొంది దేవునియొద్దకు మరలుననియు అతని యాశ. 250లో డీసియసు చక్రవర్తి క్రైస్తవులను హింసించినప్పుడు ఈ వృద్ధుని కాళ్లను బొండలో బిగించి బాధించిరి. విశ్వాసమును విడువలేదు, కొన్నియేండ్లకే మరణించెను. అట్టివానిని సుమారు మూడువందల యేండ్ల పిమ్మట, 553లో, కాన్‌స్టాంటినోపులునందు కూడిన సభ మతద్రోహుల పట్టికలో చేర్చెను. గోరీలో నున్నవానికి శిక్ష వేయుటలో నేర్పరులు అన్ని మతములలోను ఉన్నారు. అతని ముఖ్యగ్రంథము నేటికి పూర్తిగా దొరకుచున్నది లాటిను అనువాదమున మాత్రమే.

ఇక అసలు కథకు వచ్చెదము. అగస్టీను 354లో ఉత్తరాఫ్రికాలో, నేటి అల్జీరియాదేశమునకు చెందిన తగాస్తె యను చిన్నయూర పుట్టెను. తల్లి మోనికా క్రైస్తవురాలు. తండ్రి చిరకాలము పాతదేవతలను కొలిచినవాడు. పదునాఱేండ్ల వయస్సున ఒకరాత్రి ఇతడు స్నేహితులతో గూడి పొరుగువారి చెట్టున బేరిపండ్లు దొంగిలించెను. ఆకలి లేదు, ఇంట అంతకంటె మంచిపండ్లున్నవి, దొంగిలించినవానిని పందులకు పాఱవైచిరి. పిల్లలు మామిడితోపులో పడుట మనమెఱుగనిది కాదు. కావలివాడు కేకలువేయును, తల్లి రెండు దెబ్బలు వేయును, అంతటితో సరి. అగస్టీను మాత్రము నలుబది దాటి బిషప్పైన పిదప, 'కన్ఫెషన్సు' అను స్వీయచరిత్రలో ఆ పండ్లను గూర్చి పుటలకొలది విచారించెను. చంపినవానికి పగయో ధనాశయో యుండును. లాభములేనిచోట, ఆకలిలేనిచోట, తప్పని యెఱిగియు తప్పునే ఏల కోరితినని అతని వేదన. ఇంత చిన్నదొంగతనమునుండి ఇంత పెద్దప్రశ్నను తీసినవాడు మఱియొకడు లేడని నా యభిప్రాయము.

యౌవనమున తొమ్మిదియేండ్లు అతడు మానీమతమున నుండెను. మూడవ శతాబ్దమున పారసీక సామ్రాజ్యమున మానీ యనువాడు స్థాపించిన ఆ మతమునకు మూలశక్తులు రెండు, వెలుగు, చీకటి. లోకము ఆ రెంటి యుద్ధభూమి. అందులో ఒక సుఖమున్నది. నాలో తప్పు చేయునది నేను కాదు, నాలో చేరిన చీకటి యని చెప్పుకొనవచ్చును. కాలక్రమమున ఆ సుఖము అగస్టీనునకు వెగటు పుట్టించెను. 384లో మిలాను నగరమునకు అలంకారశాస్త్రోపాధ్యాయుడుగా పోయి, అచ్చట బిషప్పైన అంబ్రోసు ఉపన్యాసములు వినెను. 387లో బాప్తిస్మము పొందెను. కీడనునది యొక పదార్థము కాదు, ఉండవలసిన మంచి లేకపోవుటయే కీడు అని అతడు నిశ్చయించుకొనెను. కుండకు చిల్లి యున్నది. ఆ చిల్లిని ఏ కుమ్మరియు మట్టితో చేయలేదు. కుండలో కొంత లేకపోవుటకే చిల్లి యని పేరు. అట్లే దేవుడు చేసినదంతయు మంచిదే. సంకల్పము మేలైనదానిని విడిచి తక్కువదానివైపు తిరుగుటచే చిల్లి పడినది. మానీమతస్థులకు ప్రత్యుత్తరముగా స్వేచ్ఛను సమర్థించుచు అతడు 388లో ఆరంభించిన గ్రంథము కొన్నియేండ్లకు ముగిసెను. తరువాత పెలాగియసు ఆ గ్రంథమునందలి మాటలనే అతనిపై ప్రయోగించుట ఈ కథలోని చమత్కారము.

ఏలయన, బిషప్పై హిప్పోనగరమున ప్రజల పాపములు వినుచున్నకొలది అగస్టీను మనస్సు మాఱుచువచ్చెను. కల్లు మానెదనని బిడ్డ తలమీద చేయివేసి ఒట్టుపెట్టుకొన్నవాడు సాయంకాలమునకు మరల పాకచెంత నుండుట మీరు చూచియే యుందురు. వాడు అబద్ధీకుడు కాడు. ఒట్టు పెట్టుకొనునప్పుడు నిజముగనే పెట్టుకొనెను. సంకల్పమున్నది, దానికి బలము లేదు. తన కామమును జయింపలేక యేండ్లకొలది పెనుగులాడిన అగస్టీను ఈ సంగతిని తనయందే చూచియుండెను. కావున దేవుడు ఆజ్ఞయిచ్చుట చాలదు, ఆ యాజ్ఞను నెఱవేర్చు శక్తిని, తుదకు నెఱవేర్పవలెనను కోరికను సయితము ఆయనయే యీయవలెనని అతడు నమ్మెను. దీనికే కృప యని పేరు.

పెలాగియసు బ్రిటనుదీవినుండి వచ్చినవాడు. నాలుగవ శతాబ్దపు చివరభాగమునకు రోమునగరమున స్థిరపడియుండెను. గురుపట్టము లేదు గాని నియమజీవనమువలన గొప్పయింటివారికి గురువయ్యెను. ఇతనిని గిట్టని పండితుడు జెరోము, స్కాటుల అంబలి త్రాగి బలిసినవాడని యెగతాళి చేసినది ఇతనినే యని చాలమంది తలంతురు. రోమకప్రభువులు క్రైస్తవులైనకాలమది. పేరునకు బాప్తిస్మము, నడతకు పాతనడత. మందలించినచో, బలహీనులము, మానవమాత్రులము, ఏమి చేయగలమని వారి జవాబు. పెలాగియసునకు ఈ జవాబు వినిన ఒడలు మండెడిది. ఇట్టివాని యెదుట ఒక బిషప్పు అగస్టీను ప్రార్థనను, అనగా దేవా నీ యాజ్ఞను నెఱవేర్చుటయు నీవే యిమ్మను అర్థముగల దానిని, వినిపించగా అతడు సహింపలేక జగడమాడెనట. సోమరికి ఇంతకంటె మంచి సాకు ఏమి కావలెను?

అతని మతము ఏమనగా, దేవుడు అసాధ్యమైన పనిని ఆజ్ఞాపించునంతటి అన్యాయస్థుడు కాడు. ఆజ్ఞయున్నచో శక్తియు నున్నది. ఆదాము పాపము ఆదామునకే. బిడ్డలకు అది చెడ్డమాదిరి యగునే గాని రక్తమున దిగిరాదు. మనలను కట్టివేయునది పుట్టుక కాదు, చిరకాలపు దుర్వ్యసనము. సుమారు 413లో దెమెత్రియా యను రోమకప్రభుకన్య వివాహమును కాదని కన్యావ్రతము పూనగా, ఆమె యింటివారి కోరికపై పెలాగియసు ఆమెకొక దీర్ఘమైన లేఖ వ్రాసెను. ధర్మము బోధింపవలసివచ్చినప్పుడెల్ల, మొదట మనుష్యస్వభావమునకు ఎంత శక్తి గలదో చూపుట తన పద్ధతియని ఆ లేఖలో చెప్పుకొనెను. ఎదుటివానికి నీవు చేయగలవని చెప్పు గురువు మాటకు ఒక బలమున్నదని ఎవరు కాదనగలరు?

410లో గోతుజాతి నాయకుడు అలరికు రోమునగరమును కొల్లగొట్టెను. కాందిశీకులు ఓడలెక్కి ఆఫ్రికాతీరమునకు వచ్చిరి. అట్లు వచ్చినవారిలో పెలాగియసును, అతని శిష్యుడు సెలెస్తియసును ఉండిరి. కార్తేజి నగరమున తాను పెలాగియసు ముఖమును ఒకటిరెండు సార్లు చూచినట్లు అగస్టీను వ్రాసెను. అంతకుమించి ఆ యిద్దఱు ఎదురెదుట కూర్చుండి మాటలాడుకొన్నది లేదు. పెలాగియసు పాలస్తీనాకు వెడలిపోయెను. సెలెస్తియసును 411లో కార్తేజి సభ ఖండించెను.

మన శ్రీవైష్ణవులలో మర్కటన్యాయము, మార్జాలన్యాయము అని రెండున్నవి. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకొనవలెను. పిల్లికూనను తల్లియే నోట కఱచుకొని పోవును. ఈ వాదము మీకు క్రొత్త కాదు. పెలాగియసు కోతికంటెను ఒక మెట్టు ముందునకు పోయి, చేతులు కాళ్లు ఇచ్చినాడు, త్రోవ చూపినాడు, నడువుమనినాడు. అగస్టీను పిల్లిపక్షమువాడు. కాని మన మార్జాలవాదులకు లేని చిక్కు అతనికి వచ్చిపడెను. ఇల్లు అంటుకొన్నది, పిల్లి కొన్ని కూనలను మాత్రమే కఱచుకొని పోయి, తక్కినవానిని మంటలో విడిచెను. ఏల? అన్నియు కాలుటకు తగినవే, కొన్నిటిని రక్షించుట దయ, తక్కినవానిని విడుచుట న్యాయము అని అగస్టీను సమాధానము. అన్నిటిని ఏల కఱచుకొని పోలేదనినచో, ఆ రహస్యము దేవునిదని చేతులు జోడించెను.

పెలాగియసు మనుష్యునకు మిత్రుడనియు అగస్టీను శత్రువనియు నేటి చదువరులు తఱచుగా తలంతురు. నేను సగమే ఒప్పుకొందును. నీవు చేయగలవను మాట బలవంతునకు రెక్కలిచ్చును. పడినవానికి అదే గుదిబండ యగును. చేయగలిగియు చేయలేదు గనుక ప్రతిచిన్నతప్పును పూర్తి నేరమే, క్షమకు చోటే లేదు. పెలాగియసు సంఘమున ఋషులకు చోటున్నది గాని, సాయంకాలమునకు పాకచెంత చేరు తాగుబోతునకు లేదు. అగస్టీను వానిని లోపలికి రానిచ్చెను. చికిత్స చిరకాలము పట్టును, తొందరపడకుమనెను. కఠినుడని పేరుపొందిన యీ బిషప్పు బలహీనునియెడ దయగలవాడు. అతని కాఠిన్యమంతయు మఱియొకచోట బయటపడినది.

అచ్చటికి పోవుటకు ముందు, వాదమెట్లు తీరినదో చెప్పవలెను. 415లో పాలస్తీనాలోని దియోస్పోలిసు సభలో పదునలుగురు బిషప్పులు పెలాగియసును విచారించి నిర్దోషి యనిరి. ఆఫ్రికావారు ఊరకుండక 416లో రెండు సభలు కూర్చి ఖండించి, రోమునకు లేఖలు పంపిరి. పోపు ఇన్నొసెంటు 417లో వారి పక్షమున తీర్పిచ్చి మరణించెను. తరువాతి పోపు జోసిమసు మొదట పెలాగియసునెడ మెత్తబడి, పిమ్మట పక్షము మార్చెను. ఈలోపల 418 ఏప్రిలు 30వ తేదీన హొనోరియసు చక్రవర్తి పెలాగియసును, అతని అనుచరులను రోమునుండి వెడలగొట్టుటకు శాసనము చేసెను. మఱునాడే కార్తేజి మహాసభ తుదిఖండన చేసెను. అగస్టీను ప్రాణస్నేహితుడైన బిషప్పు అలీపియసు రాచకొలువువారికి ఎనుబది మేలిగుఱ్ఱములను కానుకగా తోలుకొనిపోయెనని ప్రతిపక్షులు నిందించిరి. గుఱ్ఱముల సంగతి యెట్లున్నను, శాసనము వచ్చిన పిమ్మట ఎదుటివాని నోరు మూతపడినది. శాస్త్రవాదమును రాజభటులచే ముగింపించుట వాదమున గెలిచినవానికే యెక్కువ నష్టము. తన మాటలోని లోపమును చెప్పువాడు అతనికి మఱి దొరకడు.

ఒక్కడు మాత్రము దొరకెను. దక్షిణ ఇటలీలోని ఎక్లానమునకు బిషప్పైన జూలియను ఆ ఖండనపత్రముపై చేవ్రాలు చేయనని పదవి పోగొట్టుకొని దేశములు పట్టి తిరిగెను. అగస్టీనునకు కుమారుని వయస్సువాడు. అతడు పట్టిన మర్మస్థానము పసిబిడ్డలు. ఆదాము పాపము పుట్టుకతో వచ్చునదైనచో, బాప్తిస్మము పొందకమునుపే చచ్చిన బిడ్డ గతి యేమి? ఆ బిడ్డయు శిక్షలోనికే పోవును, ఐనను శిక్షలన్నిటిలోను తేలికయైనది అని అగస్టీను చెప్పెను. ఇదే అతని కాఠిన్యము. పసికందులను హింసించువాడు దేవుడగునా యని జూలియను నిలదీసెను. ఈ చోట అగస్టీనునకును నిద్రపట్టలేదు. 415లోనే జెరోమునకు వ్రాసిన లేఖలో, పసిబిడ్డల శిక్ష దగ్గఱకు వచ్చినప్పుడు తనకు దారి తోచుటలేదని ఒప్పుకొనెను. ఐనను సిద్ధాంతమును సడలింపలేదు.

ఇందులో అనువాదమునకును పాలున్నది. రోమీయులకు పౌలు వ్రాసిన పత్రిక ఐదవ అధ్యాయమున, మరణము అందఱికి సంప్రాప్తమైన కారణము చెప్పుచోట, గ్రీకుమాటకు అందఱు పాపము చేసినందున అని అర్థమని పలువురు పండితులు చెప్పుదురు. అగస్టీను చదివిన లాటినుపాఠము ఆదామునందు అందఱును పాపము చేసిరను అర్థమునకు చోటిచ్చెను. అతనికి గ్రీకు అంతగా రాదు. గ్రీకుభాషలోనే చదువుకొన్న తూర్పుసంఘములు మనుష్యులు మరణమును, బలహీనతను ఆదామునుండి పొందిరనిరి గాని, అతని నేరమునే పొందిరను మాటను అగస్టీనువలె పట్టుకొనలేదు. ఒక విభక్తి భేదము ఎంతదూరము పోయినదో చూడుడు. 430 ఆగష్టు 28వ తేదీన, వాండలుసేనలు హిప్పోనగరమును ముట్టడించియుండగా, అగస్టీను మరణించెను. జూలియనునకు వ్రాయుచున్న ప్రత్యుత్తరము సగములో నిలిచిపోయెను.

సిద్ధాంతము మాత్రము పశ్చిమ ఐరోపా అంతట వ్యాపించెను. మధ్యయుగపు పండితులు దానిని కొంత మెత్తపఱచి, అట్టి బిడ్డలకు అగ్నిలేదు, బాధలేదు, దైవదర్శనము మాత్రము లేదని చెప్పి, ఆ చోటునకు 'లింబో' యని పేరిడిరి. అంచు అని దాని యర్థము. పండితునకు అది మెత్తనిదే. తల్లికి ఏమి మెత్తన? బాప్తిస్మములేని బిడ్డను ప్రతిష్ఠితమైన శ్మశానమున పూడ్చనీయరు, గోడవెలుపల పూడ్చవలెను. తాను చచ్చి స్వర్గమునకు పోయినను బిడ్డను చూడదు.

స్విట్జర్లాండుదేశమున బెర్నుప్రాంతమునకు చెందిన ఓబర్‌బ్యూరెను అను చోట మరియమ్మగుడి యొకటి యుండెను. పదునైదవ శతాబ్దమున జనులు చచ్చిపుట్టిన బిడ్డలను అచ్చటికి తెచ్చుచుండిరి. కాన్‌స్టాన్సు బిషప్పు 1486లో రోమునకు వ్రాసిన ఫిర్యాదువలన అచ్చట జరుగునది తెలియుచున్నది. స్త్రీలు ఆ చల్లబడిన దేహమును నిప్పుకణికలకు క్రొవ్వొత్తులకు నడుమ పెట్టి కాచుదురు. పెదవులపై ఒక సన్నని యీకను ఉంచుదురు. వేడిగాలికి ఆ యీక కదలును. కదలినదే చాలు, బిడ్డ ఊపిరి తీసెనని కేకలు వేసి, గంటలు మ్రోగించి, బాప్తిస్మమిచ్చి, గుడిచెంత పూడ్చుదురు. అప్పటికి రెండువేలకు పైగా బిడ్డలు వచ్చిరని ఆ బిషప్పు వ్రాసి, ఇది మోసము, మూఢత్వమని మండిపడెను. శాస్త్రదృష్టిచే అతని మాట నిజమే. ఐనను ఆ యీకవైపు చూచుచు నిలిచిన తండ్రిని మోసగాడనుటకు నాకు నోరు రాదు. 1528లో బెర్నువారు సంస్కరణమతమున చేరగా ఆ గుడి మూతపడి, కొలదికాలమునకే పడగొట్టబడెను. 1990 తరువాతి దశకమున పురావస్తుశాఖవారు అచ్చట త్రవ్వగా సుమారు 250 మంది శిశువుల యెముకలు బయటపడినవి. వానిలో నెలలు నిండనివి అనేకములు.

సంస్కరణమతము గుడిని మూసినది గాని, ప్రశ్నను మూయలేకపోయినది. 1524లో ఎరాస్మసు స్వేచ్ఛను సమర్థించుచు గ్రంథము వ్రాయగా, మఱుసటియేడే లూథరు అది బానిసయైన సంకల్పమని ఖండించెను. కథోలికుల ట్రెంటుసభ 1547లో, స్వేచ్ఛ బలహీనపడినది గాని చావలేదనెను. రక్షింపబడువారిని, నశించువారిని దేవుడు అనాదిగా నిర్ణయించెనని కాల్విను బోధించెను. హాలండుదేశమున కాల్వినుమతస్థులలోనే అర్మినియసు అను ఆచార్యుడు, దేవుడిచ్చు కృపను మనుష్యుడు త్రోసివేయగలడని చెప్పి 1609లో మరణించెను. అతని శిష్యులపై విచారణకు 1618 నవంబరులో దోర్తునగరమున సభ కూడినది. 1619 మేనెలలో సభ ముగియుచుండగా, మే 13వ తేదీన, ఆ శిష్యులకు అండగా నిలిచిన మహామంత్రి ఓల్డెన్‌బార్నెవెల్టును డెబ్బదియొకటవ యేట హేగునగరమున శిరశ్ఛేదము చేసిరి. నేరము రాజద్రోహమని చెప్పిరి. రాజకీయద్వేషములు దానియందు నిజముగనే యుండెను. న్యాయశాస్త్రవేత్త గ్రోషియసునకు యావజ్జీవ చెఱ విధించిరి. అతడు 1621లో భార్య యుక్తివలన పుస్తకముల పెట్టెలో దాగి తప్పించుకొనెను. స్వేచ్ఛను గూర్చిన వాదములో నాకు నచ్చిన యుక్తి అదియొక్కటే.

ఆ కఠినులైన దోర్తుసభవారును ఒకచోట మెత్తబడిరి. భక్తిగల తలిదండ్రులు శైశవమున చచ్చిన తమ బిడ్డల రక్షణను గూర్చి సందేహింపరాదని వారి నిర్ణయములలో ప్రత్యేకముగా ఒక ప్రకరణము వ్రాసిరి. ఇతరుల బిడ్డలమాట మాత్రము అందులో లేదు.

ఈ తగవులన్నిటి వారసులును మన తెలుగుదేశమునకు వచ్చినవారే. నెల్లూరున బాప్తిస్టులు 1840లోను, గుంటూరున లూథరనులు 1842లోను పని ప్రారంభించిరి. కథోలికులు అంతకుముందే యుండిరి. అర్మినియసు పక్షమును పట్టిన వెస్లీ శిష్యులును, కాల్విను సంప్రదాయమువారును 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసున ఆంగ్లికనులతో గూడి దక్షిణహిందూదేశసంఘముగా ఒక్కటైరి. మెదకుగుడిలో ప్రక్కప్రక్కన మోకరించువారికి దోర్తుసభ పేరు తెలియకపోవుట నష్టమని నేననుకొనను.

పసిబిడ్డల విషయము కథోలికులలో తుదకు 2007లో మరల విచారణకు వచ్చినది. పోపు అనుమతిపై ప్రకటింపబడిన పత్రమున వారి దైవశాస్త్రపండితుల సంఘము, లింబో యనునది సంఘము విధించిన విశ్వాసాంశము కాదనియు, బాప్తిస్మము లేకయే మరణించిన శిశువులు రక్షింపబడుదురని ఆశించుటకు తగిన కారణములున్నవనియు తెలిపెను. ఇది నిశ్చయజ్ఞానము కాదు, ఆశ మాత్రమేయని కూడ అందులో వ్రాసియున్నది. అగస్టీను జెరోమునకు లేఖ వ్రాసిననాటికిని దీనికిని నడుమ 1592 సంవత్సరములు.